బత్తాయి, నిమ్మ తోటల కత్తిరింపు, తెగుళ్ల పరిశీలనము

బత్తాయి తోట వేసిన రైతు మొదటి నాలుగైదు సంవత్సరములు భూమికి పెట్టుటయే కాని భూమినుండి తీయుట లేదు. అంటు మొక్కల ధర, గుంటల కూలి, కంచె, ఎరువు, వేసవిలో బావి నీరు, ఇవి యన్నియు ముందు పెట్టుబడిగా నిలుచును. ఐదవ యేట కాపు మొదలై, ఏడెనిమిదేండ్లకు చెట్టు నిండుగా కాచునప్పుడుగాని ఆ ధనము తిరిగి రాదు. అనేక తోటలలో చెట్లు ఎండుటకు మొదలిడునదియు సరిగా ఆ కాలమందే.

చెట్టు ఒక్కనాట ఎండదు. మొదటి యేడు కొన రెమ్మలు కొన్ని ఎండును. మరుసటి యేడు ఒక కొమ్మ ఎండును. మూడవ యేటికి చెట్టు సగమగును. రైతు మొదటి యేట చూడడు. రెండవ యేట చూచి, దిష్టి తగిలినదనియో నీరు చాలలేదనియో తలచి పాదు నిండ నీరు పెట్టించును. మూడవ యేట కూలీలను పిలిచి గొడ్డలితో కొమ్మలు కొట్టించును. తెగులు చంపక విడిచిన చెట్టును ఈ రెండు చికిత్సలును చంపును. కావున చెట్టును ఎట్లు చూడవలెనో, ఎక్కడ కోయవలెనో, ఎప్పుడు కోయరాదో ఈ పత్రమున వ్రాయబడినది. ఇది నల్లగొండ ప్రాంతపు బత్తాయికిని, అనంతపురము, కడప ప్రాంతములవారు చీనీ యని పిలుచు అదే చెట్టునకును, గూడూరు, తెనాలి ప్రాంతముల నిమ్మకును వర్తించును.

చెట్టునకు ఎంత కత్తిరింపు కావలెను

ద్రాక్ష, రేగు తోటలను చూచిన రైతులు ప్రతి చెట్టును ఏటేట గట్టిగా కోసిననే కాయునని తలచుదురు. ఆ చెట్ల స్వభావము వేరు, నిమ్మజాతి స్వభావము వేరు. ద్రాక్షతీగ క్రొత్తగా పెరిగిన రెమ్మమీదనే గుత్తి వేయును. కోయనిదే మంచి రెమ్మ రాదు. బత్తాయి, నిమ్మ చెట్లు ఎల్లప్పుడును పచ్చగ నుండునవి. రాబోవు పూతకు కావలసిన ఆహారములో చాలభాగమును అవి ఆకులలోను రెమ్మలలోను దాచుకొని యుండును. పచ్చని కొమ్మను ఊరక నరుకుట గాదెలోని ధాన్యమును తీసి పారబోయుటయే. పెరిగిన బత్తాయి చెట్టునుండి ఏటేట తీయవలసినవి కొలది మాత్రమే: ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానినొకటి రాచుకొనునవి, నేలను తాకునవి, వేరుమూలపు పిలకలు, నీటి కొమ్మలు. ఇంతకు మించి కోసిన రైతునకు పుల్లలు మిగులును, కాయ తగ్గును.

వేరుమూలపు పిలకల విషయము కొంత విరివిగ చెప్పవలసియున్నది. మనము కొను బత్తాయి మొక్క నిజమునకు రెండు చెట్లు. క్రింది వేరు రంగపూరు నిమ్మదో జంబేరిదో అయియుండును. దానిమీద బత్తాయి కన్ను అంటుకట్టబడి యుండును. అంటు క్రిందినుండి వచ్చు ప్రతి చిగురును రంగపూరు నిమ్మయే గాని బత్తాయి కాదు. అది ముండ్లతో, ఏపుగ, చూచుటకు ముచ్చటగా పెరుగును. తెలియని పాలేరు దానిని చూచి చెట్టు బాగుగ పుంజుకొన్నదని సంతోషించును. రెండు మూడేండ్లలో ఆ పిలక పై బత్తాయికి చేరవలసిన నీటిని, సారమును తానే త్రాగి, దానిని అణగద్రొక్కును. తుదకు చెట్టున నారింజ రంగు గల చిన్న పుల్లని కాయలు కనబడును. అప్పుడు రైతు, అంటు అమ్మినవాడు మోసము చేసెనని నిందించును. కొన్నిచోట్ల ఆ నింద నిజమే కావచ్చును గాని, తరచుగ తప్పు పిలకను తీయని చేతిది. ఈ పిలకలు లేతగ నున్నప్పుడు బొటనవ్రేలితో ప్రక్కకు త్రోసినచో ఊడివచ్చును. గాయము దాదాపు ఉండదు. ముదిరినచో మొదలు త్రవ్వి, పుట్టినచోటనే కోయవలెను. నేలకు సమముగ కోసినచో ఒకటికి నాలుగై మరల లేచును.

నీటి కొమ్మలు అంటుకు పైభాగముననే, చెట్టు నడుమనుండి నిలువుగ లేచును. ఇవి బత్తాయివే. సాధారణముగ తీసివేయవలెను, అయినను చెట్టులో ఒక వైపు కొమ్మ చచ్చి ఖాళీ యేర్పడియున్నచో, అటు వంగిన ఒక నీటి కొమ్మను ఉంచి, రెండడుగుల ఎత్తున కొన త్రుంచి, పక్కకొమ్మలు వేయించుకొనుట తెలివైన పని.

లేత మొక్కకు మాత్రము మొదటి రెండు మూడేండ్లలో ఆకారమేర్పరుప వలెను. నేలనుండి ఒకటిన్నర, రెండడుగులవరకు ఒకే మాను ఉంచి, ఆపైన వేరువేరు దిక్కులకు పోవు మూడు నాలుగు కొమ్మలను నిలిపినచో చాలును. అవి అన్నియు ఒక్కచోటనుండి చీలరాదు. కాపు బరువునకు అచ్చటనే చెట్టు చీలును.

కోయు విధము, కోయు కాలము

కొమ్మ మానును కలియు చోట చుట్టును ఉబ్బెత్తుగ ఒక పట్టీ వంటి భాగము కనబడును. కోత ఆ పట్టీకి సరిగా బయట పడవలెను. మానును చెక్కినట్లు లోతుగ కోసినచో ఆ పట్టీ పోవును; నాలుగంగుళముల మోడు విడిచి కోసినచో ఆ మోడు ఎండి, కుళ్ళు దానిగుండ మానులోనికి దిగును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది మానులను నిలువుగ కోసి చూచి, చెట్టు తన గాయమును మన చర్మమువలె మాన్పుకొనదనియు, చెడిన కొయ్యచుట్టు గోడ కట్టి దానిని వేరుచేసి బయట క్రొత్త కొయ్యను పెంచుకొనుననియు 1970 తరువాతి సంవత్సరములలో విశదపరచెను. ఆ గోడ కట్టు శక్తి ముఖ్యముగా ఈ పట్టీయందే యున్నది.

పెద్ద కొమ్మను ఒక్క కోతతో తీయబోయినచో, అది సగము తెగి, తన బరువుతో మానుయొక్క బెరడును నిలువుగ చీల్చుకొని పడును. అందుచేత మొదట మానుకు ఒక అడుగు దూరమున క్రిందివైపునుండి మూడవవంతు కోయవలెను. దానికి కొంచెము బయట పైనుండి కోసి కొమ్మను పడవేయవలెను. మిగిలిన మోడును చివర పట్టీకి బయట కోయవలెను. రంపముతో చేయవలసిన పనికి గొడ్డలిని వాడరాదు.

ఎండిన రెమ్మను ఎండినంతవరకే కోసినచో ప్రయోజనము లేదు. తెగులు పచ్చభాగములోనికి ముందే దిగి యుండును. పచ్చని కొయ్యలో కనీసము ఒక అంగుళము లోపలికి కోసి, కోసిన ముఖమును చూడవలెను. కొయ్య తెల్లగ నున్నచో సరి. గోధుమరంగు చార యున్నచో ఇంకను క్రిందికి కోయవలెను.

ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు తెగులును మోయునది అనేక పర్యాయములు కత్తెరయే. ముందు ఆరోగ్యముగల చెట్లను, చివర తెగులు చెట్లను కోయించుడు. ప్రతి చెట్టు తరువాతను కత్తెర నోటిని స్పిరిటుతో తుడువవలెను. కూలీలకు ఇది చాదస్తముగ తోచును. యజమాని దగ్గర నిలుచున్నప్పుడు మాత్రము చేయుదురు. కావున తోటలో కత్తిరింపు జరుగు దినములలో రైతు తాను అచ్చట ఉండవలెను.

కాలమునుగూర్చి ఒక మాట ముఖ్యము. వానలలో పచ్చ కొమ్మలను కోయరాదు. వానలో కోసినచో చెట్టు వెంటనే లేత చిగురు వేయును. ఆ చిగురులో ఆకు తొలుచు పురుగు, అనగా రైతులు పాముపొడ యనునది, వంకర తెల్లని చారలు గీయును. ఆ చారల గాయములగుండ వానజల్లుతో గజ్జి తెగులు లోనికి ప్రవేశించును. ఒక్క కత్తెరతో రైతు చిగురును, పురుగును, తెగులును వరుసగ పిలిచినవాడగును. నడివేసవిలో కోయుటయు మంచిది కాదు. నీడ పోయిన మాను ఎండకు కమిలి బెరడు పగులును. శీతకాలమున పూత వచ్చు బత్తాయికి, కాయ దించిన పిమ్మట, వానలు వెనుదిరిగి పొడి దినములు వచ్చినప్పుడు, పూతకు ముందు కోయుట యుక్తము. ఏడు పొడుగున కాయు నిమ్మకు, వేసవి కాయ దిగినవెంటనే, మృగశిర కార్తెకు ముందుగా గజ్జి పట్టిన రెమ్మలను తీసి కాల్చివేయవలెను. ఎండుపుల్లలను మాత్రము పొడిగా నున్న ఏ దినమున నైనను తీయవచ్చును.

బోర్డో ముద్ద

వ్రేలి లావునకు మించిన ప్రతి గాయమునకును అదే దినమున బోర్డో ముద్ద పూయవలెను. ఒక కిలో మైలుతుత్తమును ఐదు లీటర్ల నీటిలో, ఒక కిలో మంచి సున్నమును వేరొక ఐదు లీటర్లలో కరగించి, రెంటిని మూడవ పాత్రలో ఒక్కసారిగ పోయుచు కలుపవలెను. మట్టి, చెక్క, ప్లాస్టిక్ పాత్రలే వాడవలెను. ఇనుపది వాడినచో మైలుతుత్తము పాత్రను తినివేయును. కలిపినదానిలో మెరయుచున్న ఇనుప కత్తిని నిమిషము ముంచి చూడుడు. కత్తిమీద ఎర్రని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని యర్థము, మరికొంత కలుపవలెను. ఏనాటిది ఆనాడే వాడవలెను. ఆకులపై చల్లుటకైనచో అదే తుత్తము, సున్నములకు నూరు లీటర్ల నీరు.

ఈ మందు పుట్టిన తీరు వినదగినది. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు రైతులు బాటసారులు ద్రాక్షపండ్లు దొంగిలింపకుండ బాటప్రక్క తీగలపై తుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ బాటప్రక్క తీగలకే బూజు తెగులు సోకలేదని మిలార్డే అను ఆచార్యుడు 1882లో గమనించి, పరీక్షలు చేసి, 1885లో ప్రకటించెను. అనగా మందు దొరికినది తోటలో నడచి, ఒక చెట్టునకును మరియొక చెట్టునకును గల భేదమును చూచిన కంటికి.

ఈ ముద్ద గాయమును త్వరగ మాన్పునను నమ్మిక సరికాదు. బూజులు గాయములోనికి దిగకుండ కాచుటయే దాని పని. తప్పు చోట కోసిన కోతను ఏ ముద్దయు సరిచేయదు.

తోట చుట్టి చూచుట

పదునైదు దినములకు ఒకసారి, వానకాలమున వారమునకు ఒకసారి, రైతు ప్రతి వరుసయు నడచి చూడవలెను. గట్టుమీద నిలిచి చూచినచో తోట అంతయు పచ్చగనే కనబడును. ఒక చిన్న పుస్తకమున వరుసలకు, చెట్లకు అంకెలు వ్రాసికొని, అనుమానము గల చెట్టునకు గుడ్డపీలిక కట్టి, ఏ తేదీన ఏమి చూచినదియు గుర్తు పెట్టవలెను. జ్ఞాపకముమీద ఆధారపడినవాడు ప్రతి యేడును తెగులును క్రొత్తగ కనుగొనును.

చూపు మొదట మాను మొదటికి పోవలెను. అంటు దగ్గర, దాని క్రింద, బెరడు తడిగ నల్లబడి, తేనెరంగు బంక కారుచున్నచో అది బంక తెగులు. దీనికి కారణమగు బూజు నేలలో నివసించును. దాని బీజములు నీటిలో ఈది పోగలవు. పాదులోని నీరు మానును తాకుచున్నంతకాలము తెగులునకు మనము పడవ కట్టి యిచ్చినట్లే. అందుచేతనే ఎండు చెట్టునకు పాదు నిండ నీరు పెట్టుట ప్రమాదమని మొదట చెప్పితిమి. మానుచుట్టు ఒకటిన్నర అడుగుల దూరమున మట్టికట్ట వేసి, నీరు ఆ కట్టకు బయటనే నిలుచునట్లు రెండు వలయముల పాదు చేయవలెను. మాను మొదట మట్టి, పెంట పోగుచేయరాదు. తెగులు పట్టిన బెరడును పదునుగల కత్తితో మంచి బెరడు కనబడువరకు గీసి, గీసినదానిని పోగుచేసి కాల్చి, బోర్డో ముద్ద పూయవలెను. వానలకు ముందొకసారి, వానలు వెడలినపిమ్మట స్వాతి కార్తెలో ఒకసారి, అన్ని చెట్ల మానులకును రెండు మూడడుగుల ఎత్తువరకు ఈ ముద్దను పూయుట మేలు. బెరడు మానుచుట్టు పూర్తిగ చచ్చియున్నచో ఇక శ్రమపడవలదు.

మాను చీలికలయందు పట్టువంటి సాలెతో అల్లిన, పొట్టుతో కూడిన గొట్టపుదారి కనబడినచో బెరడు తిను పురుగు ఉన్నది. అది పగలు రంధ్రములో దాగి రాత్రి బయటికివచ్చి తినును. సాలెను తుడిచివేసి, రంధ్రములో తీగ పొడిచి, కిరసనాయిలులో ముంచిన దూది పెట్టి మట్టితో మూయవలెను. ఇది పది నిమిషముల పని. వాయిదా వేసిన తోటలలో చెట్టునకు పది రంధ్రము లగును.

కొన రెమ్మలు ఎండుచున్నప్పుడు దానిని ఒక తెగులుగ భావింపరాదు. అది అనేక వ్యాధుల గుర్తు, మనుష్యునకు జ్వరమువలె. పుల్లలు కోసి ఊరకుండక, చెట్టునకు మూడడుగుల దూరమున ఒక అడుగు లోతు గుంట తీసి వేళ్లను చూడుడు. పీచు వేరు తెల్లగ నున్నచో పోషణలోపము కావచ్చును. వేరుతోలు చేతికి ఊడివచ్చి, దారమువంటి నడుము మాత్రము మిగిలినచో వేరుకుళ్ళు. అప్పుడు మురుగుకాలువ తీయుట అన్నిటికంటె ముందు. రెండు మూడడుగుల లోతున సుద్దపొర తగిలినచో ఆ తప్పు తోట వేసిననాటిది. ఆ చెట్టును ఎంత కోసినను ఫలము స్వల్పము.

గజ్జి తెగులు నిమ్మకు విశేషముగ హాని చేయును. బత్తాయికి అంతకంటె తక్కువ. ఆకుకు రెండు వైపులను ఉబ్బెత్తుగ గరుకైన గోధుమరంగు మచ్చ, చుట్టు పసుపువలయము దీని గుర్తు. కాయమీద పొక్కులు లేచి ధర పడిపోవును. ఈ తెగులు మన దేశమునకు పాతది. లండను సమీపమున క్యూ తోటలో భద్రపరచిన, 1827-1831 మధ్య భారతదేశమున సేకరించిన దబ్బజాతి యాకులపై దీని మచ్చలు ఉన్నట్లు 1933లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అమెరికాలో ఫ్లోరిడావారు 1910 ప్రాంతమున దిగుమతి మొక్కలతో వచ్చిన ఈ తెగులును చెట్లు కాల్చి 1933 నాటికి నిర్మూలించిరి. అది మరల వచ్చి, గాలివానలతో వ్యాపింపగా 2006లో నిర్మూలన ప్రయత్నమును మానుకొనిరి. ఇచ్చట నిర్మూలనము ఆశింపరాదు, అదుపే సాధ్యము. తెగులు రెమ్మలను కోసి కాల్చి, వానకాలపు ప్రతి చిగురుపైనను నూటికి ఒక పాలు బోర్డో ద్రావణమును చల్లవలెను. పూతపై చల్లరాదు. క్రొత్తగ నిమ్మ వేయువారు గజ్జిని కొంత తట్టుకొను బాలాజీ రకమును విచారింపవచ్చును.

ఇక ఆకు పసుపుబారుటను గూర్చి. ఇందు పొరబడినచో నష్టము మిక్కిలి. ఆకును చేతబట్టి నడిమి ఈనెకు కుడి, ఎడమలను సరిపోల్చుడు. ఈనెలు పచ్చగ నుండి, వాని నడుమ పసుపు రెండు వైపులను ఒక్కతీరుగ నుండి, ఆకు చిన్నదై సన్నగిలినచో జింకు లోపము. నూరు లీటర్ల నీటిలో అర కిలో జింకు సల్ఫేటు, పావు కిలో సున్నము కలిపి లేత చిగురుపై చల్లినచో తరువాతి చిగురు పచ్చబడును. అట్లుగాక పసుపుమచ్చలు ఒక వైపు ఒక తీరుగ, రెండవ వైపు వేరొక తీరుగ, ఈనెలను దాటి చెదరియున్నచో, ఒక కొమ్మ మాత్రమే పసుపుబారి మిగిలిన చెట్టు పచ్చగ నున్నచో, కాయ వంకరగ పెరిగి, పండినను కొనభాగము పచ్చగనే నిలిచినచో, అది గ్రీనింగు తెగులు కావచ్చును. దీనిని సిల్లా అను చిన్న పురుగు లేత చిగురునుండి చిగురునకు మోయును. తెగులు చెట్టునుండి తీసిన అంటుకన్నును మోయును. సోకిన చెట్టును నయముచేయు నమ్మకమగు మందు నేటికిని లేదు. ఫ్లోరిడాలో ఇది 2005లో కనబడెను. 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండిన ఆ రాష్ట్రమున 2022-23లో 1 కోటి 60 లక్షల పెట్టెలైన పండలేదు. తుపానులును కొంత కారణమైనను, ముఖ్యకారణము ఈ తెగులే.

అనుమానము గల చెట్టుయొక్క రెమ్మను ఆకులతో, కాయతో తీసికొనిపోయి ఉద్యానశాఖవారికి చూపవలెను. తెగులని తేలినచో చెట్టును పెకలింపవలెను. సగము కొమ్మలు ఇంకను కాయుచున్న చెట్టును పెకలించుట రైతునకు ఎంత కష్టమో ఎరుగనివారము కాము. ఈ యేడు ఆ చెట్టు ఇచ్చు రెండు బుట్టల కాయకై దానిని నిలిపినచో, దాని చిగురుమీద పెరిగిన సిల్లా ప్రక్క చెట్లమీద వ్రాలును. మూడేండ్లకు పుస్తకములో ఒక గుర్తు ఉన్నచోట వరుస యంతయు గుర్తులగును. పెకలించుటకు ముందు చెట్టుమీద సిల్లాను చంపు మందు చల్లవలెను. లేనిచో చెట్టు పడినవెంటనే పురుగు ఎగిరి పొరుగు చెట్టు చేరును.

పెకలించినచోట వేళ్లన్నియు ఏరి కాల్చి, గుంటను ఒక వేసవి ఎండకు విడిచి, ఆ పిమ్మటనే మరల నాటవలెను. అంటు మొక్కలను బస్సు నిలుచుచోట బుట్టలలో అమ్మువారివద్ద కొనక, తల్లిచెట్లను చూపగలవారివద్ద కొనుడు. అంటు నేలకు ఆరు అంగుళములకు మించిన ఎత్తున ఉన్నదా, ఆకు వెనుక గజ్జిమచ్చ ఉన్నదా, సంచి విప్పినప్పుడు పీచు వేరు తెల్లగ ఉన్నదా యని ఒక్కొక్క మొక్కను త్రిప్పి చూచి తీసికొనవలెను. నాటునప్పుడు అంటు మట్టిలో పూడరాదు. గుంట మట్టి క్రుంగును గనుక, నాటిన దినమున మొక్క నేలకంటె రెండంగుళములు ఎత్తుగ నిలుచునట్లు చూడవలెను.